బేస్ గిటార్‌కి తక్కువలో ప్రీయాంప్: వైజాగ్‌లో నా అనుభవం

2025 జూలై ఆఖర్లో మా ఆర్కెస్ట్రాకున్న ఒక్కగానొక్క బేస్ ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) ఊరు దాటిపోయింది. అది మా గిటారిస్టు సొంతం. ఆయనకి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, సామానుతో పాటు అదీ వెళ్లింది. అప్పటినుంచి సెప్టెంబరు మధ్య దాకా బేస్‌కి ఒక మోడలింగ్ ప్రీయాంప్ కోసం, అంటే పెద్ద ఆంప్‌ల శబ్దాన్ని నకలు చేసి మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె కోసం తిరిగాను. ఆ తిరుగుడంతా వరసగా రాస్తున్నాను. ఎందుకంటే నేను వెతికేటప్పుడు నాకు దొరికినవన్నీ ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించినవాళ్ల మాటలే. మన దగ్గర బేస్ వాయించేవాళ్లలో ఎక్కువమందికి స్టేజీ మీద ఆంప్ ఉండదు. పెళ్లయినా, పందిరైనా, చర్చయినా గిటార్ కేబుల్ నేరుగా మిక్సర్‌కే పోతుంది. అక్కడ ఏది పనికొస్తుందన్నది వేరే సంగతి.

ఆగస్టు 3, ఆదివారం, మధ్యలో ఏమీ లేకుండా చర్చిలో వాయించాల్సి వచ్చింది. నాది నాలుగు తీగల పాసివ్ బేస్, లోపల బ్యాటరీ ఉండదు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో జాక్ పెట్టగానే గోనెపట్టా కప్పినట్టయింది శబ్దం. పాసివ్ పికప్‌కి (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) అవతల ఒక మెగా ఓమ్ దాకా ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, ఉండాలి. మామూలు మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది పది కిలో ఓమ్‌ల దగ్గర. ఆ తేడాలోనే పైపదునంతా పోతుంది. కింద గుయ్యిమని ఒక మోత మిగిలింది, ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియలేదు. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు దగ్గరికొచ్చి, "బ్రదర్, ఈవేళ గిటార్ తేలేదా?" అని అడిగారు. ముందు వరసలో కూర్చున్న మనిషి ఆవిడ. గంటన్నర వాయించినవాడికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో వాయించేవాళ్లకి తెలుసు.

ఇంట్లో మాట్లాడుకుని రూ. 12,000 అనుకున్నాం. పాప స్కూలు ఫీజు కట్టిన నెల, అంతకు మించి కుదరదు. ఆ లెక్కలో చాలావాటి పేరు ఎత్తే పనే లేదు. లైన్ 6 వాళ్ల హెచ్‌ఎక్స్ స్టాంప్ నేను చూసినప్పుడు యాభై వేలు దాటి ఉంది. టెక్ 21 సాన్సాంప్ బేస్ డ్రైవర్ కొత్తది అప్పట్లో పాతిక వేల పైమాటే. మిగిలినవి బెహ్రింగర్ బీడీఐ21, జూమ్ బీ1 ఫోర్, లేదంటే ఏదైనా సెకండ్ హ్యాండ్.

ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు, కాబట్టి పొద్దుటిపూట డాబాగార్డెన్స్, ద్వారకానగర్ షాపులు తిరిగాను. గిటార్లు, కీబోర్డులు, తబలాలు, మైకులు అన్నీ ఉన్నాయి. లీడ్ గిటార్ పెడల్స్ (కాలితో నొక్కి శబ్దం మార్చుకునే పెట్టెలు) కూడా అద్దాల వెనక రెండు మూడు కనిపించాయి. బేస్‌వి లేవు. "తెప్పిస్తామండి, సగం అడ్వాన్సు కట్టండి, పది పదిహేను రోజులు పడుతుంది" అన్నారు. వచ్చాక వాయించి చూసి నచ్చకపోతే? "ఆర్డరు పెట్టి తెప్పించినవి వాపసు తీసుకోలేమండి." వాళ్ల మాటలో తప్పులేదు, ఊళ్లో బేస్ పెడల్ కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? కానీ చెవితో వినకుండా కొనాలంటే నాకు కాలు ముందుకి పడలేదు.

అప్పుడు మా కీబోర్డ్ అన్నయ్య తన దగ్గర మూలన పడున్న బీడీఐ21 ఇచ్చాడు. ప్లాస్టిక్ డబ్బా, చేతిలో బరువే తెలియదు. ఆరు నాబ్‌లు: లెవెల్, బ్లెండ్, ట్రెబుల్, బేస్, డ్రైవ్, ప్రెజెన్స్. పేరుకి ఆంప్ మోడలర్ అని రాసి ఉంటుంది గానీ లోపల కంప్యూటరేమీ లేదు, అంతా అనలాగ్ సర్క్యూట్, సాన్సాంప్ బాటలో చేసింది. దానికి ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ ఉంది, అంటే మైకు కేబుల్ తెచ్చి నేరుగా గుచ్చేయొచ్చు. కొత్తది నాలుగున్నర వేల చుట్టూ చూశాను. దాంతో పాటు అడాప్టర్ రాదు. 9 వోల్టుల బ్యాటరీ వేసుకుంటే సరిపోతుంది, కాకపోతే వాయించడం అయ్యాక గిటార్ జాక్ పీకేయాలి. జాక్ లోపలుంటే బ్యాటరీ తాగుతూనే ఉంటుంది.

బ్లెండ్ సగానికి, డ్రైవ్ (శబ్దానికి గరుకుదనం ఇచ్చేది) గడియారం ముల్లులా తొమ్మిది గంటల దగ్గర పెట్టి ఇంట్లో ఒంటరిగా వాయిస్తే గుండె నిండిపోయింది. కింద బరువు, పైన మెరుపు. ఇదే చాలు కదా అనిపించింది. రిహార్సల్‌కి వెళ్లి డ్రమ్స్, కీబోర్డ్, గిటార్ కలిశాక బేస్ వెనక్కి వెళ్లిపోయింది. ఈ తరహా సర్క్యూట్‌లో మధ్య ఫ్రీక్వెన్సీలు కొంత తవ్వేసి ఉంటాయి. పైగా మిడ్ నాబ్ విడిగా లేదు, కావాలన్నా తిరిగి పెంచుకోలేం. బ్లెండ్ తగ్గిస్తే గిటార్ సొంత శబ్దం కలుస్తుంది, కొంత నయం. ఎనభైల నాటి సినిమా పాటల్లో బేస్ ఊరికే తాళానికి కాపు కాయదు, పాటతో పాటు నడుస్తూ కబుర్లు చెబుతుంది. ఆ కబురు వినపడేది మిడ్స్‌లోనే.

అందుకని ఆన్‌లైన్లో బీ1 ఫోర్ ఆర్డర్ పెట్టేశాను. ఆగస్టు పన్నెండున వచ్చింది. పెట్టె మూతకి సీలు ఒకసారి ఊడదీసి మళ్లీ అతికించినట్టుంది. ఆన్ చేస్తే తెర మీద కంపెనీ ప్యాచ్‌ల (ముందే సెట్ చేసి దాచిన శబ్దాలు) పక్కన ఎవరో మనిషి పేరుతో సేవ్ చేసుకున్న ప్యాచ్‌లు వరసగా ఉన్నాయి. బ్యాటరీ గదిలో వాడేసిన బ్యాటరీలు. కొత్తదని డబ్బు తీసుకుని ఎవరో తిప్పి పంపింది నాకంటగట్టారు. ఒళ్లు మండిపోయింది. అదే రాత్రి ఫొటోలు తీసి వాపసు పెట్టాను. పదహారున వచ్చి తీసుకెళ్లారు, డబ్బులు మాత్రం ఇరవై తొమ్మిదిన గానీ ఖాతాలో పడలేదు. ఈలోగా వినాయక చవితి కూడా వెళ్లిపోయింది. ఎవరైనా ఆన్‌లైన్లో తెప్పించుకుంటే పెట్టె విప్పేదాకా ఫోన్‌లో వీడియో తీయండి. నా ఫొటోల్లో సీలు సరిగ్గా కనపడటం లేదని వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు, ప్యాచ్ పేర్ల ఫొటోయే నన్ను ఒడ్డున పడేసింది.

బీ1 ఫోర్ మీద మాత్రం నాకు కోపం లేదు. మన యూనివర్సిటీ హాస్టల్లో ఉండే ఒక తమ్ముడి దగ్గర అదే ఉంది. ఆగస్టు 24న చర్చి అయ్యాక వాడిని రమ్మని, బీడీఐ21 పక్కన పెట్టి రెండూ అదే స్పీకర్లలో విన్నాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కళ్లు తెరిపించిన మధ్యాహ్నం అదే.

హెడ్‌ఫోన్స్‌లో బీ1 ఫోర్ ముందు బీడీఐ21 నిలవదు. పెద్ద హాల్లో, పన్నెండంగుళాల టాప్‌లు (పై స్పీకర్లు), ఒక సబ్ (కింది మోతకి విడి స్పీకర్) ఉన్న సిస్టంలో కథ మారిపోయింది. వాడి ఇష్టమైన ప్యాచ్‌లో కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని సమం చేసేది), ఆంప్, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె నకలు), కోరస్ (ఇద్దరు కలిసి వాయించినట్టు చేసేది), పైన కొంచెం రివర్బ్. హాలు గోడలకి సొంత ప్రతిధ్వని ఉండనే ఉంది, దానికి ఈ రివర్బ్ తోడై స్వరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్కొక్కటే తీసేస్తూ పోయాం. చివరికి ఒక్క ఆంప్ మోడల్, క్యాబినెట్ ఆన్‌లో ఉంచి, బేస్ కొంచెం తగ్గించి, మిడ్ పెంచగానే ప్రతి స్వరం విడివిడిగా వచ్చి నిలబడింది. వాడి మొహం చూడాలి.

మా సౌండ్ మాస్టారు అప్పుడు ఒక మాట చెప్పారు. "బాబూ, ఇ తీగ అడుగు మోత ఈ డబ్బాల్లో సగం రాదు. దాని పైన ఉన్నవే చెవికి తెలుస్తాయి." నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావైన ఇ తీగ మూల ఫ్రీక్వెన్సీ 41 హెర్ట్‌జ్. చిన్న స్పీకర్లు అంత కిందికి దిగలేవు. 82, 123 హెర్ట్‌జ్ దగ్గరుండే హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటే దాని పైన పలికే రెట్టింపు, మూడింతల స్వరాలు) విని, అడుగు స్వరాన్ని చెవే పూరించుకుంటుంది. కొద్దిపాటి డ్రైవ్ వేస్తే ఆ హార్మోనిక్స్ పెరుగుతాయి. బేస్ నాబ్ తిప్పితే పెరిగేది మోతే.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. నా ఛానల్లో లో కట్ బటన్ నొక్కేసి ఉంది. అంతకుముందు ఆ ఛానల్ ఎవరో పాడేవాళ్ల మైకుది. ఆ బటన్ 80, 100 హెర్ట్‌జ్ కింద ఉన్నదంతా కోసేస్తుంది. ఎన్ని ఆదివారాలు అలా పోయాయో! ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందు ఆ బటన్ వైపే చూస్తాను. పెడల్ మార్చకముందు మీరూ చూడండి, రూపాయి ఖర్చు లేదు.

బీ1 ఫోర్‌తో నాకు అడ్డొచ్చింది ఒక్కటే: ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు. దాని అవుట్‌పుట్ మామూలు పావు అంగుళం జాక్. స్టేజీ నుంచి మిక్సర్ దాకా యాభై అరవై అడుగులు అలా లాగితే హమ్ (కరెంటు మోత) వస్తుంది, మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మైకు కేబుల్‌కి సరిపడేలా మార్చే డబ్బా) కొనాలి. అప్పటికి కొత్త పెడల్ ఏడెనిమిది వేలు, డీఐ బాక్స్ పదిహేను వందలు, అడాప్టర్ విడిగా. బడ్జెట్‌లోనే వస్తుంది. కానీ పందిట్లో అన్ని ముక్కలు, అన్ని కేబుళ్లు కాళ్ల కింద పడేసుకోవడం నాకు ఇష్టం లేదు.

సెప్టెంబరు మొదటి వారంలో సెకండ్ హ్యాండ్‌లో జూమ్ బీ3 కనపడింది. 2011లో వచ్చిన మోడల్, ఇప్పుడు తయారీ లేదు. నాకు కావాల్సినవన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి: ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్, గ్రౌండ్ లిఫ్ట్ (హమ్ ఆపడానికి మిక్సర్‌తో ఎర్త్ కలయిక తెంచే బటన్), ప్రీ-పోస్ట్ స్విచ్ (మిక్సర్‌కి పచ్చి శబ్దం పంపాలా, పెడల్ మార్చిన శబ్దం పంపాలా అన్నది). మూడు చిన్న తెరలు పక్కపక్కన, ఒక్కో తెర కింద మూడు నాబ్‌లు, ఒక ఫుట్‌స్విచ్. చీకట్లో మెనూలు వెతుక్కోకుండా వంగి తిప్పేసుకోవచ్చు. అమ్మేది విజయనగరం కుర్రాడు, పెద్ద పెడల్‌కి మారుతున్నాడట. రూ. 8,500 చెప్పాడు. మహాలయ పక్షం కావడంతో మాకు పెళ్లి ప్రోగ్రాములేమీ లేవు, తీరిగ్గా బేరమాడాను. 7,500కి ఒప్పుకున్నాడు. సెప్టెంబరు 13, శనివారం, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కలుద్దామన్నాడు.

బేస్, ఒక కేబుల్, హెడ్‌ఫోన్స్, కొత్త డబుల్ ఏ బ్యాటరీలు నాలుగు పట్టుకుని వెళ్లాను. కాంప్లెక్స్ రణగొణలో ఏమీ వినపడదని ఆసీలుమెట్ట వైపు ఒక టీ కొట్టు వెనక బెంచీ మీద కూర్చున్నాం. జాక్ పెట్టి అటూ ఇటూ కదిపాను, గరగర లేదు. తొమ్మిది నాబ్‌లూ నెమ్మదిగా తిప్పుతూ తెర మీద అంకె దూకుతుందేమో చూశాను. ఎడమ వైపు నుంచి రెండోది ఒక చోట రెండు అంకెలు ఎగరేస్తోంది, వాడుకకి అడ్డం కాదు. మధ్య ఫుట్‌స్విచ్ కొంచెం మెత్తబడింది, మూడుసార్లలో ఒకసారి గట్టిగా తొక్కాలి. బ్యాటరీ మూత తీస్తే స్ప్రింగుల మీద పచ్చగా చిలుం. సముద్రం పక్కన ఊళ్లలో ఇది మామూలే, నా బేస్ తీగలకి కూడా నెలకే తుప్పు వాసన వచ్చేస్తుంది. ఇవన్నీ చూపిస్తే ఇంకో మూడు వందలు తగ్గించాడు. "అన్నయ్యా, జాగ్రత్తగా వాడండి, నా మొదటి పెడల్ ఇది" అన్నాడు ఇచ్చేటప్పుడు. వాడు అమ్ముకుంటున్న బాధ కూడా ఆ మాటలో ఉంది. వాయించేవాడి చేతి నుంచి తీసుకోవడం నాకెందుకో ధైర్యమనిపించింది.

ఇంటికొచ్చి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో ఆ చిలుం రుద్దేశాను. అరగంట పని. 

అసలైన తలనొప్పి కరెంటు దగ్గర మొదలైంది. యూఎస్‌బీతో కూడా నడుస్తుంది కదా అని ఫోన్ ఛార్జర్ పెట్టాను. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా కీచుమని ఒక ఈల. నేను తీగ మీద చెయ్యి వేసినా పోదు. బ్యాటరీ వేస్తే పూర్తి నిశ్శబ్దం. మామూలు గిటార్ పెడల్ అడాప్టర్, 9 వోల్టులు, మధ్య పిన్ను మైనస్, కనీసం 500 మిల్లీ ఆంప్స్ ఇచ్చేది తెచ్చాను. ఈల పోయింది. ఆ పిన్ను ధ్రువం మాత్రం తప్పకుండా చూసుకోవాలి. ఇంట్లో పడుండే రౌటర్ అడాప్టర్లు చాలావరకు మధ్య పిన్ను ప్లస్‌వి, ప్లగ్గు మాత్రం చక్కగా దూరిపోతుంది.

పద్నాలుగున చర్చిలో పెట్టగానే 50 హెర్ట్‌జ్ హమ్ బుయ్యిమంది. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కగానే కోసేసినట్టు ఆగిపోయింది. ప్రీ-పోస్ట్ స్విచ్ ప్రీలో ఉంటే మిక్సర్‌కి పచ్చి గిటారే వెళ్తుంది, నా హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఆంప్ శబ్దం వినపడుతుంది. మొదటి పాటంతా అలాగే నడిచింది, రెండో పాటకి పోస్ట్‌లోకి మార్చాం. ఇంకొకటి ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్ గుండా మిక్సర్ పంపే కరెంటు. చిన్న మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్‌కి అన్ని ఛానళ్లకీ కలిపి ఒకటే స్విచ్ ఉంటుంది. పెడల్ వెనక్కి ఆ వోల్టేజి రావడం నాకిష్టం లేక మాస్టారిని అడిగి ఆపించుకున్నాను. ఆ కరెంటుతో నడిచే కండెన్సర్ మైకు వాడుతున్న చోట ఆపలేరు. అలాంటి రోజుకి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్స్ మధ్యలో పెట్టుకోవాలి, అది ఫాంటమ్‌ని అడ్డుకుంటుంది. కీబోర్డ్ అన్నయ్య దగ్గర ఒకటుంది, అవసరమైతే అడుగుతాను.

మోడల్స్ సంగతి. ఇందులో బోలెడన్ని ఆంప్‌లు ఉన్నాయి, కొన్న వారం రాత్రుళ్లు అన్నీ తిప్పాను. మొదట ఎస్‌వీటీ మీద మోజు పడ్డాను. 1969లో ఆంపెగ్ తెచ్చిన 300 వాట్ల ట్యూబ్ ఆంప్, ఎనిమిది పదంగుళాల స్పీకర్ల పెట్టెతో పాటు. రాక్ వాయించేవాళ్లకి అదే దేవుడు. నా పాటలకి కుదిరింది దానికంటే పాతదైన బీ-15, 1960లో వచ్చింది, ఒకే పదిహేనంగుళాల స్పీకర్. ఇందులో ఫ్లిప్ టాప్ అని ఉంటుంది. గుండ్రంగా, మెత్తగా, మధ్యలో నిండుగా పలుకుతుంది. కీర్తనలకీ అదే, పాత సినిమా పాటలకీ అదే. ముందు తక్కువ మోతాదులో కంప్రెసర్, తర్వాత ఫ్లిప్ టాప్, మూడో తెర ఖాళీ. గెయిన్ మీటు బలంగా పడినప్పుడు మాత్రమే కొంచెం గరుకు తగిలేంత. నా ఉద్దేశంలో తక్కువ బడ్జెట్లో కొనేవాళ్లు ఎన్ని ఆంప్‌లు ఉన్నాయని లెక్కపెట్టడం మానేసి, వెనక ఏ సాకెట్లు ఉన్నాయో ముందు చూడాలి.

ఇరవై రెండున నవరాత్రులు మొదలయ్యాయి. ఆ వారంలోనే గాజువాక వైపు ఒక పందిట్లో ప్రోగ్రాం, జనరేటర్ కరెంటు. రెండో పాట మధ్యలో లైట్లు మసకబారి మళ్లీ వెలిగాయి. కీబోర్డ్ ఒక్కసారి ఆగి మొదటినుంచి లేచింది, డ్రమ్స్, నేను మాత్రం పాట వదల్లేదు. నేను ఆ రోజు అడాప్టర్ ముట్టకుండా బ్యాటరీల మీదే వాయించాను, అందుకే బతికాను. అక్కడినుంచి పందిళ్లకి బ్యాటరీలే, చర్చికి అడాప్టర్. రీఛార్జబుల్ బ్యాటరీలు ఎనిమిది కొన్నాను, నాలుగు లోపల, నాలుగు జేబులో. ఒక సెట్టు ఒక సాయంత్రం ప్రోగ్రాముకి సరిపోతోంది, రెండో రోజుకి నమ్మను.

ఆ మర్నాటి ఆదివారం ఆరాధన తర్వాత పాస్టరమ్మగారు ఏమీ అనలేదు గానీ, పాడే అమ్మాయిల్లో ఒకరు, "అన్నయ్యా, ఈ మధ్య శ్రుతి పట్టుకోవడం తేలికవుతోంది, కింద మీది వినపడుతోంది" అంది. నేను రెండు నెలలు తిరిగింది ఆ ఒక్క మాట కోసమే.

ఖర్చు: పెడల్ 7,200. అడాప్టర్ 850. బ్యాటరీలు, ఛార్జర్ కలిపి 1,600. పదిహేను మీటర్ల మైకు కేబుల్ 900. ఆల్కహాల్ సీసా, చిల్లర మల్లర ఒక రెండు వందలు. పదకొండు వేల లోపే తేలింది. మధ్య ఫుట్‌స్విచ్ మార్చడానికి డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసే ఆయన్ని అడిగితే నాలుగు వందలు, రెండు రోజులు ఉంచాలన్నారు. కార్తీకంలో పెళ్లిళ్లు మొదలవుతున్నాయి, నడుమ ఖాళీ దొరకదు. అవి అయ్యాకే ఇస్తాను. అప్పటిదాకా గట్టిగా తొక్కుతున్నాను.